నల్లబీరు దగ్గర పర్సెంట్ అడగొద్దు

అమెరికాలో మనవాళ్ల ఇళ్లలో శనివారం రాత్రి గెట్‌టుగెదర్ అంటే గరాజ్‌లో ఒక కూలర్, ఐసులో మునిగిన లైట్ బీరు డబ్బాలు, లోపల కిచెన్ కౌంటర్ మీద సింగిల్ మాల్ట్ స్కాచ్ సీసాలు. ఆ సీసాల చుట్టూ పెద్ద చర్చ: పన్నెండేళ్లదా, పద్దెనిమిదేళ్లదా, పొగ వాసన ఉందా, నీళ్లు కలపొచ్చా. బీరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రశ్న ఒక్కటే. "అన్నా, ఇందులో ఎంత పర్సెంట్?" స్కాచ్‌కి ఇచ్చే మర్యాదలో పావు వంతైనా బీరుకి ఇవ్వండని నా గొడవ. జర్మనీ నల్లబీరుతో మొదలుపెట్టండి అంటాను.

ఈ పర్సెంట్ లెక్క మనకి ఊరికే అంటుకోలేదు. కాలేజీ రోజుల్లో వైన్‌షాపు కిటికీ దగ్గర మనకి తెలిసినవి రెండే రకాలు: లైటు, స్ట్రాంగు. ఇండియాలో అమ్ముడయ్యే బీరులో ఎక్కువ భాగం ఇప్పటికీ స్ట్రాంగే. నలుగురు చందా వేసుకుని కొన్న 650 మి.లీ. సీసాకి కిక్కు గిట్టుబాటు కావాలి కదా. అప్పటి జేబుకి ఆ లెక్క సరైందే. ఇల్లు కొని, కార్లు కొని, పిల్లల్ని కాలేజీకి పంపాక కూడా అదే లెక్కేమిటో నాకర్థం కాదు.

దానికి తోడు ఇంకో అపోహ ఉంది, రంగు ముదిరితే ఘాటు ముదురుతుందని. నల్లబీరు గ్లాసు చూడగానే "అమ్మో, ఇది మనవల్ల కాదు" అని పక్కకి జరిగేవాళ్లని చాలామందిని చూశాను. నేను ఎక్కువగా తెచ్చేది కోస్ట్రిట్జర్ అనే జర్మన్ నల్లబీరు. అందులో ఆల్కహాల్ 4.8 శాతం. కూలర్‌లో ఉండే పసుప్పచ్చటి మామూలు అమెరికన్ బడ్‌వైజర్‌లో 5 శాతం. ఇక ఎవరు ఎవర్ని చూసి భయపడాలి?

కోస్ట్రిట్జర్ ఊరు తురింగియా రాష్ట్రంలోని బాద్ కోస్ట్రిట్జ్. అక్కడి బ్రూవరీ తన చరిత్రని 1543 నుంచి చెప్పుకుంటుంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆ ప్రాంతం తూర్పు జర్మనీలోకి పోయింది. రెండు జర్మనీలు కలిసిన మరుసటి ఏడాది, 1991లో, పశ్చిమాన ఉన్న బిట్‌బర్గర్ కంపెనీ దాన్ని కొనుక్కుంది. జర్మన్ బీరంటే పసుప్పచ్చగా ఉంటుందని మనకో ముద్ర పడిపోయింది గానీ, మ్యూనిక్‌లో స్పాటెన్ వాళ్లు 1894లో లేత రంగు హెల్లెస్ తెచ్చేదాకా ఆ ఊరివాళ్లు రోజూ తాగింది డుంకెల్ అనే గోధుమరంగు బీరే.

నలుపు ఎక్కణ్ణుంచి వస్తుందంటే, మాల్ట్ నుంచి. మాల్ట్ మనకి కొత్తేం కాదు. రాగులు నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, మొలకలు వచ్చాక ఆరబెట్టి, దోరగా వేయించి పట్టించిన రాగిమాల్ట్ తాగి పెరిగినవాళ్లం చాలామందిమి ఉన్నాం. వాళ్లు అదే పని బార్లీతో చేస్తారు. మొలకెత్తిన గింజని తక్కువ వేడి మీద ఆరబెడితే బంగారు రంగు బీరు, వేడి పెంచితే గోధుమరంగు, కొంత గింజని నల్లబడేదాకా వేయించి కలిపితే నల్లబీరు. గింజ మాడి బొగ్గవకుండా సమంగా నల్లబడేలా వేయించే తిరుగుడు డ్రమ్ముకి ఇంగ్లండ్‌లో డేనియల్ వీలర్ పేటెంట్ తీసుకున్నది 1817లో. బీరంతా నల్లబడడానికి అలాంటి గింజ కొద్దిగా పడితే చాలు, మిగతాదంతా లేత మాల్టే. ఇలాంటి బీరు రంగులో ఎంత నల్లగా ఉన్నా తాగేటప్పుడు తేలిగ్గా ఉండడం అందుకే.

ఇక రుచి. దయచేసి సీసా ఎత్తి గొంతులో పోసుకోవద్దు. ఫ్రిజ్‌లోంచి తీసి పది పదిహేను నిమిషాలు బయట పెట్టండి. మరీ చల్లగా ఉంటే నాలుకకి చలి తప్ప ఇంకేం తెలియదు. గ్లాసు వంచి సగం పోసి, తర్వాత నిలబెట్టి మిగతాది పోస్తే రెండు వేళ్ల మందాన నురగ వస్తుంది. ఆ నురగ తెల్లగా ఉండదు, పాలు ఎక్కువ పోసిన కాఫీ రంగులో ఉంటుంది. గ్లాసుని దీపానికి ఎదురుగా పట్టుకుంటే నలుపు కాస్తా అంచుల్లో దానిమ్మరసంలా ఎర్రబడుతుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే బాగా కాలిన రొట్టె పైపొర వాసన, వెనకాల కొంచెం చాక్లెట్. చేదుగా, చిక్కగా ఉంటుందనుకుని మొదటి గుక్క వేస్తామా, అది పల్చగా జారిపోయి చివర్న పొడిగా ముగుస్తుంది. తీపి మిగలదు. నాకు నచ్చేది ఆ ముగింపే.

మన తిండితో దీనికి కుదిరే జత మటన్ వేపుడు. ఉల్లిపాయ, మాంసం ఎర్రగా వేగేటప్పుడు జరిగే రసాయన చర్యా, బార్లీ గింజ రంగు తిరిగేటప్పుడు జరిగేదీ ఒకటే. ఫ్రెంచి శాస్త్రవేత్త మయార్ 1912లో దాన్ని వివరించాడు. అందుకే నోట్లో వేపుడు ముక్కా ఈ బీరూ ఒకదాన్నొకటి తోసుకోవు. ఈమధ్య మన కుర్రాళ్లకి ఐపీఏ అనే చేదు బీరు మోజు ఎక్కువైంది. దాని చేదు గుంటూరు కారం మీద పడితే మంట చల్లారదు సరికదా, ఇంకా రేగుతుంది. నల్లబీరు ఆ పని చేయదు. అన్నిటికీ కుదురుతుందనీ చెప్పను. చేపల పులుసు పక్కన పెడితే చింతపండు పులుపుకి ఆ కాలిన రుచి మాడువాసనలా తగులుతుంది. గోంగూరతోనూ అంతే.

కొనేటప్పుడు తేదీ చూడండి. సముద్రం దాటి వచ్చిన బీరు గోడౌన్లలో ఎన్ని నెలలు కూర్చుందో సీసా పైకి చూస్తే తెలియదు. జర్మన్లు తేదీ మనలాగే వేస్తారు, ముందు రోజు, తర్వాత నెల. 08.11 అని ఉంటే అది నవంబర్ ఎనిమిది. నెల ముందు చదివే ఇక్కడి షాపుల్లో ఆగస్టు పదకొండు అనుకుని మంచి సరుకుని క్లియరెన్స్‌లో పడేయడం, 11.08ని నవంబర్ అనుకుని గడువు దాటిందాన్ని పూర్తి ధరకి అమ్మడం రెండూ చూశాను. మొదటిది దొరికితే అదృష్టమే. పాతబడ్డ బీరుకి తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది, అది నల్లబీరు రుచి అనుకుని జీవితాంతం దూరం పెట్టేయకండి. కిటికీ పక్కన ఎండ తగిలే అరలోది అసలే తీసుకోవద్దు. వెలుతురు తగిలితే బీరుకి చేదునిచ్చే హాప్స్ పాడై, స్కంక్ అనే జంతువు వదిలే కంపు కొడుతుంది.

ఇంత చెప్పాక కూడా "సరే అన్నా, పర్సెంట్?" అనేవాళ్లు ఉంటారు, మా బావమరిదితో సహా. వాళ్ల కోసం డాపెల్‌బాక్ అనే జర్మన్ స్ట్రాంగ్ బీరు రకం ఉంది. మ్యూనిక్ పౌలానర్ సన్యాసుల ఉపవాసాల కాలం నాటి బీరుకి వారసురాలైన సాల్వేటర్ 7.9 శాతం. ఆయింగర్ వాళ్ల సెలబ్రేటర్ 6.7, సీసా మెడలో చిన్న తెల్ల మేకబొమ్మ వేలాడుతుంది, దానికోసం పిల్లలు కొట్టుకుంటారు. ఇవి నిజంగానే చిక్కన, తియ్యన, భోజనమయ్యాక ఒక సీసాని ఇద్దరు పంచుకుంటే సరిపోతుంది. కారు తాళాలు ఎవరి దగ్గరున్నాయో వాళ్లకి మాత్రం పోయకండి.