ఫ్రీ త్రో గీత దగ్గర చూడండి

కాలేజీలో ముప్పై నలభై మ్యాచ్‌లు ఆడిన పంతొమ్మిదేళ్ల కుర్రాడి మీద కోట్ల డాలర్లు పెట్టాలా వద్దా? అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో జట్లు కొత్త ఆటగాళ్లను వరుసగా ఎంచుకునే డ్రాఫ్ట్ ముందు ఏటా ఇదే పరీక్ష. ఇందులో పొరపాట్లు సహజం. కానీ ఒకే పొరపాటు పదేపదే చేయడాన్ని సమర్థించలేం.

2017 డ్రాఫ్ట్‌నే చూడండి. కాలేజీలో మూడు పాయింట్ల షాట్లు (దూరపు గీత బయటి నుంచి వేసేవి) లాంజో బాల్‌కు 41 శాతం పడ్డాయి, జేసన్ టేటమ్‌కు 34 శాతమే. బాల్ రెండో స్థానంలో, టేటమ్ మూడో స్థానంలో ఎంపికయ్యారు. ఫౌల్ జరిగినప్పుడు వేయనిచ్చే ఫ్రీ త్రోల లెక్క మాత్రం తిరగబడింది: బాల్ 67 శాతం, టేటమ్ 85. ఎన్‌బీఏ తొలి సీజన్‌లో బాల్ మూడు పాయింట్ల గురి 30.5 శాతానికి పడిపోగా, టేటమ్ 43.4కు చేరాడు.

కారణం తెలిసిందే. టేటమ్ కాలేజీలో వేసిన మూడు పాయింట్ల షాట్లు 117, పడినవి 40. ఇంకో ఐదు పడి ఉంటే 38 శాతం, ఐదు తగ్గితే 30. అంత తక్కువ షాట్లతో గురిని తేల్చలేం. పైగా అప్పటి కాలేజీ గీత 20 అడుగుల 9 అంగుళాల దూరంలో ఉండేది, ఎన్‌బీఏ గీత దాదాపు అంతటా మరో మూడడుగులు వెనక. ఫ్రీ త్రోకి దూరం ఎక్కడైనా 15 అడుగులే, అడ్డుపడేవారు ఉండరు. మోచేయి, మణికట్టు ఎంత నిలకడగా పనిచేస్తున్నాయో అక్కడ తెలుస్తుంది. అలాగని అది తలరాత కాదు. బాల్ షాట్ తీరు మార్చుకుని 2019–20లో 37.5 శాతం సాధించాడు. మార్చుకోవాల్సి వస్తుందన్న సూచన మాత్రం ముందే ఉంది.

రెండోది వయసు. పంతొమ్మిదేళ్లవాడి 15 పాయింట్లు, ఇరవై రెండేళ్లవాడి 15 పాయింట్లు ఒకటి కావు. పుట్టిన తేదీ పక్కన పెట్టుకుని, గణాంకాలను ఆడిన ప్రతి 40 నిమిషాలకు లెక్కగట్టి పోల్చాలి. స్టీల్స్ (ప్రత్యర్థి నుంచి బంతి లాక్కోవడం), బ్లాక్స్ (షాట్‌ను గాల్లోనే అడ్డుకోవడం) వదలొద్దు. ఆటను ఎంత త్వరగా పసిగడుతున్నాడో అవి చెబుతాయి.

కొలతలు అవసరమే, కానీ ఏది కొలుస్తున్నామన్నది ముఖ్యం. తర్వాత ఎన్‌బీఏ స్టార్ అయిన కెవిన్ డురాంట్, 2007 డ్రాఫ్ట్ ముందు శారీరక పరీక్షల్లో 185 పౌండ్ల బరువును ఒక్కసారీ ఎత్తలేకపోయాడు. నికోలా యోకిచ్‌కు వేగం, గెంతు రెండూ తక్కువే. 2014లో 41వ స్థానంలో ఎంపికై, పాసింగ్ చాతుర్యంతో మూడుసార్లు ఎంవీపీ (సీజన్ అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు.

ఇక మన సంగతి. 2015లో డల్లాస్ జట్టు 52వ స్థానంలో ఎంచుకున్న పంజాబ్ కుర్రాడు సత్నామ్ సింగ్ ఎత్తు ఏడడుగుల రెండంగుళాలు. భారత్‌లో పుట్టి డ్రాఫ్ట్‌లో ఎంపికైన తొలి ఆటగాడు. మనకెంతో గర్వకారణం. అయినా ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ ఆడే అవకాశం రాలేదు. అప్పటికే ఆట బుట్ట కింద నుంచి మూడు పాయింట్ల గీత దగ్గరికి జరిగింది. పొడగరిని స్క్రీన్లతో (తోటి ఆటగాడు దారికి అడ్డంగా నిలబడటం) బయటికి లాగి, చురుకైన గార్డుతో (బంతిని నడిపించే ఆటగాడు) దాటించడం ప్రతి జట్టూ చేస్తోంది. పక్కకు రెండడుగులు వేగంగా కదలలేనివాడికి అక్కడ చోటు కష్టం.

అందుకే పిల్లల్ని ఎత్తు చూసి చేర్చుకునే శిక్షణ కేంద్రాలు కొన్ని పనులు వెంటనే మొదలుపెట్టాలి. ప్రతి పిల్లవాడూ వారానికి వంద ఫ్రీ త్రోలు వేయాలి, వాటిలో చివరి యాభై అలసిపోయాక. ఎన్ని పడ్డాయో నమోదు చేయాలి. పొడగరులనూ గార్డులకు ఎదురుగా డిఫెన్స్‌లో నిలబెట్టాలి. మ్యాచ్ వీడియోలో బంతి చేతిలో లేనప్పుడు ఏం చేస్తున్నాడో విడిగా చూడాలి. పుట్టిన తేదీని ఒరిజినల్ సర్టిఫికెట్‌తో సరిచూడాలి. వయసు తప్పుగా రాసుకుంటే ఈ లెక్కలేవీ నిలవవు.