గుడ్డు సలాడ్, ఆవపిండి డబ్బా

మా మేనకోడలు సెలవలకి బెంగుళూరు నుంచి వచ్చింది. మూడో రోజుకే ముద్దపప్పు, గోంగూర, దోసకాయ అన్నీ మొహం మొత్తి, "మామయ్యా, ఇవాళ ఎగ్ సలాడ్ చేద్దామా? చల్లగా, క్రీమీగా ఉంటుంది" అంది. మే నెల గుంటూరులో 'చల్లగా' అన్న మాట వినబడితే ఎవరి వెనకాలైనా వెళ్ళిపోతాం. సరేనన్నాను.

మా ఆవిడ పొద్దున్నే బస్సెక్కి విజయవాడ ఆఫీసుకి పోయింది. వంటింటి గట్టుమీద రేపటి ఆవకాయ సరంజామా వరసగా ఉంది: ఉప్పు, కారం, ఆవపిండి, పక్కన గానుగ పప్పునూనె. ఆవాలు మూడు రోజులు డాబామీద ఎండబెట్టి, మర ఆడించి, కొలిచి డబ్బాలో పోసుకుంది. అటు చూడాల్సిన పని నాకేముంది అనుకున్నా.

ఆరు గుడ్లు పొయ్యిమీద పడేశాం. నీళ్ళు మరిగాక పది నిమిషాలు చాలుట. ఈలోగా నాకు ఫోనొచ్చింది, అవతలివాడు స్థలాల రేట్లు ఎత్తుకున్నాడు. అరగంట తర్వాత వచ్చి చూస్తే గిన్నెలో అడుగున అరంగుళం నీళ్ళు, గుడ్లు టకటకమని ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నాయి. చల్లనీళ్ళలో వేసి ఒలవబోతే పెంకుతోపాటు సగం తెల్లసొన ఊడొచ్చింది. మరీ తాజా గుడ్లయితే అంతేనట, సొన లోపలి పొరకి అతుక్కుని ఉంటుందిట. వారం నిలవున్నవి తేవాల్సిందిట. తాజా సరుకు తెచ్చినందుకు మాట పడడం నాకదే మొదలు. కోసి చూస్తే పచ్చసొన చుట్టూ పాచిపట్టిన చెరువుగట్టులా ఆకుపచ్చ గీత. ఎక్కువసేపు ఉడికితే తెల్లసొనలోని గంధకం, పచ్చసొనలోని ఇనుము కలిసి ఆ రంగు వేస్తాయిట. "తినొచ్చు, ఏం కాదు" అంది పిల్ల, తనకి తను చెప్పుకుంటున్నట్టు.

అసలు కథ మయోనైజ్ దగ్గర మొదలైంది. కొనుక్కొద్దామంటే "ఇంట్లో చేసిందే బాగుంటుంది" అంది. ఒక పచ్చి గుడ్డులోంచి పచ్చసొన విడదీసి గిన్నెలో వేసింది. ఇంతలో మా అమ్మ పేపరు మడిచి వచ్చింది.

"ఒరేయ్, పచ్చిగుడ్డుతో చేసే ఆ తెల్ల గుజ్జేగా తెలంగాణలో ఆపేసింది?"

"అది 2024 అక్టోబరులో, హోటళ్ళవాళ్ళకి అమ్మమ్మా, ఏడాదిపాటు."

"హోటల్లో తింటే చేసే జబ్బు ఇంట్లో తింటే చెయ్యదా?"

ఈ ప్రశ్నకి మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు. కవ్వం అందుకున్నా.

"ఇప్పుడు మస్టర్డ్ ఒక చెంచా" అని ఫోన్లో చూసి చదివింది పిల్ల. మస్టర్డంటే ఆవాలే కదా. ఎదురుగా ఘుమఘుమలాడుతూ డబ్బా. ఓ చెంచా తీసి సొనలో వేసి కలిపా. పలచగా అనిపించి, అదే చెంచాతో ఇంకాస్త తీసి వేశా. అది సీసాలో వచ్చే మెత్తటి ముద్ద అని, వెనిగర్ పోసి దాని పొగరు దించే తయారుచేస్తారని నాకప్పుడు తెలీదు. మన ఆవపిండి పొడిగా ఉన్నంతసేపూ సాధువే. తడి తగిలిందా, ముక్కులోంచి దూరి నడినెత్తిన కూర్చుంటుంది.

"నూనె ముప్పావు కప్పు. వాసనలేనిది." ఉన్నది పప్పునూనె. చుక్క చుక్కగా పోస్తూ గిలక్కొడుతుంటే, సొనే ఆ నూనెని చిన్నచిన్న బొట్లుగా పట్టుకుని చిక్కబడుతుందిట. మొదటి ఇరవై చుక్కలకి నిజంగానే చిక్కబడింది. వెన్నలా తెల్లగా కాదుగానీ, గోడకి కొట్టే పసుపు సున్నంలా. నాకు ఆవేశం వచ్చింది. పిల్లకి చెయ్యి నొప్పొచ్చింది. మిగిలిన నూనెంతా ఒక్కసారి కుమ్మరించింది. అంతే, విరిగిపోయింది. అడుగున పసుపు తరకలు, పైన నూనె తేట.

విరిగినదాన్ని మరో పచ్చసొనలో కొద్దికొద్దిగా కలుపుకుంటూ వస్తే మళ్ళీ అతుకుతుందిట. గుడ్లు అయిపోయాయి. సరే, కలిసినంత కలుస్తుందని ఉడికిన గుడ్లు ముక్కలుచేసి అందులో వేశాం. సెలరీ కాడలకి బదులు కొత్తిమీర కాడలు పడ్డాయి. చివర "పైన కొంచెం పాప్రికా చల్లాలి, అంటే మిరప్పొడి" అంది. గుంటూరులో నిలబడి మిరప్పొడి ఎక్కడుందని అడుగుతామా? ఆ డబ్బా మూతా తీశాం.

అమ్మ గిన్నెలోకి తొంగిచూసింది. ఆవపిండి, ఉప్పు, కారం, పైకి తేలిన పప్పునూనె. వేలితో అద్ది నాలిక్కి రాసుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆవకాయలో మావిడికాయ మర్చిపోయి గుడ్లేశార్రా."

తర్వాత ఎవర్నీ అడక్కుండా మూకుడు పొయ్యిమీద పెట్టింది. ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు పోపులో ఆ సలాడంతా దిమ్మరించి, పచ్చిదనమన్నది లేకుండా పొడిపొడిగా వేయించింది. వేడన్నంలో కలుపుకుంటే, ఆవపెట్టిన కూరకి మేనత్త కొడుకులా ఉంది. చల్లగా తిందామన్న పిల్ల చెమటలు కక్కుతూ రెండుసార్లు వడ్డించుకుంది. బ్రెడ్డు పొట్లం విప్పనేలేదు.

సాయంత్రం మా ఆవిడ వచ్చి, కాళ్ళు కడుక్కుని, రేపటి పనికని డబ్బాలు సర్దుతోంది. ఆవపిండి డబ్బా మూత తీసింది. లోపల చెయ్యిపెట్టి, ఉసిరికాయంత పచ్చటి ఉండని బయటికి తీసి లైటు కింద పట్టుకుంది. వాసన చూసింది.

"దీంట్లో తడి చెంచా పెట్టిందెవరు?"

అమ్మ పేపర్లో తల దూర్చింది. పిల్ల ఫోన్లో. మా ఆవిడ ఇంకేం మాట్లాడలేదు. లోపలికెళ్ళి కిలో ఆవాల పొట్లం, గుడ్డ సంచీ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"మరవాడు ఎనిమిదింటికి మూసేస్తాడు. మిరపకాయలాడిన మరలో పొయ్యొద్దని చెప్పండి. పక్కన నుంచుని చూడండి."

చెప్పులేసుకుంటుంటే వెనకాల పిల్ల గొంతు: "అత్తయ్యా, వచ్చేప్పుడు మామయ్యని గుడ్లు కూడా తెమ్మందామా?"