కుర్చీ ఎక్కి కూర్చున్న పైన్ కాయ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పైన్ కాయ గారి సముఖమునకు, టికెట్టు కొనుక్కుని నిలబడే ఉన్న సందర్శకుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

ఇంగ్లండులోని పాత ప్రభువుల భవనాలను చూసుకునే నేషనల్ ట్రస్టు వారు, పురాతనమైన కుర్చీల మీద ఎవరూ కూర్చోకుండా పైన్ చెట్టు ఎండుకాయనో ముళ్ల పువ్వునో పెట్టి ఊరుకుంటారు. పల్లెత్తు మాట అనకుండా అతిథిని నిలబెట్టే ఈ నేర్పు మన మగపెళ్లివారికి కూడా అబ్బలేదు.

ఆ ట్రస్టు వారి భవనాల్లో డెర్బీషైర్‌లోని కెడిల్‌స్టన్ హాల్ ఒకటి. నథానియల్ కర్జన్ 1759లో దీనిని తలపెట్టినప్పుడు, అడ్డంగా ఉందని అక్కడి ఊరినే లేపి వేరేచోటికి తరలించారు. చర్చి మాత్రం మిగిలింది. వాస్తుశిల్పి రాబర్ట్ ఆడమ్ 20 ఆలబాస్టర్ (పాలరాయిలాంటి మెత్తని రాయి) స్తంభాలతో తీర్చిన పెద్ద హాలు వచ్చినవాళ్లు నోరెళ్లబెట్టడానికే. కుటుంబం కాపురం ఉన్నది పక్క భాగంలో. ఆ రోజుల్లోనే హౌస్‌కీపరమ్మ చూడవచ్చినవారికి ఇల్లంతా తిప్పి చూపించేది కనుక, 1987లో ట్రస్టు చేతికి వచ్చాక కొత్తగా మ్యూజియం కావలసిన అవసరం దీనికి పెద్దగా లేదు.

తమరితో అసలు మొర ఇది. కలకత్తాలో 1803 నాటికి పూర్తయిన గవర్నర్ జనరల్ నివాసం గవర్నమెంట్ హౌసుకు ఈ ఇల్లే నమూనా. ఈ వంశంవాడే అయిన లార్డ్ కర్జన్ 1899లో వైస్రాయిగా వచ్చి, తన పుట్టింటి నకలులోనే కొలువుతీరాడు. ఆనాడు ఆ కుర్చీలో తమరొక్కరు ఆసీనులై ఉంటే 1905లో బెంగాలు రెండు ముక్కలయ్యేది కాదు, 1907లో బిపిన్ చంద్రపాల్ గారు రాజమండ్రి దాకా వచ్చి వందేమాతరమని గొంతు చించుకోవలసిన పనీ ఉండేది కాదు. కాపలా కాయవలసిన కుర్చీని వదిలేసి, తమరు ఇన్నాళ్లకు ఉద్యోగంలో చేరారు!

1903 ఢిల్లీ దర్బారులో ఆ వైస్రాయి భార్య మేరీ కర్జన్ ధరించిన నెమలి గౌను కూడా ఈ ఇంట్లోనే ఉంది. జరీతో అల్లిన ఒక్కొక్క ఈక కంటి నడుమ పచ్చగా మెరిసేది మరకతం కాదు, పురుగు రెక్క. కుట్టుపని మన దేశపు చేతులది, గౌనుగా కూర్చింది పారిస్‌లో. నెమలికీ పురుగుకూ దొరికిన ఆసనం సందర్శకుడికి దొరకలేదని నా కడుపుమంట.

ఇట్లు,
టీ కొట్టులో తమరు లేని కుర్చీ కోసం వెతుక్కుంటున్న విధేయుడు.