పుట్టబోయే బిడ్డకు టైం ఇచ్చిన మా వియ్యపురాలు

ఇప్పుడే "పాలు పొంగుతున్నాయి వదినగారూ" అని అబద్ధం చెప్పి ఫోన్ పెట్టేశాను. పొయ్యి మీద ఏమీ లేదు. పొంగింది నేనే.

మా అమ్మాయికి తొమ్మిదో నెల. తొలి కాన్పు కాబట్టి పుట్టింటికి తెచ్చుకున్నాం. బిడ్డ తల కిందికి తిరిగింది, బీపీ లేదు, షుగర్ లేదు. నొప్పులు వచ్చేదాకా నిశ్చింతగా ఉండమంది డాక్టరమ్మ. నేను పాత నూలు చీరలు ఉతికి ఆరేసి, గుచ్చుకోకుండా జరీ అంచులు విప్పేసి, పొత్తిగుడ్డలు చింపుకుంటున్నాను. ఇంతలో ఫోన్. "మా సిద్ధాంతిగారు చూశారు వదినగారూ. డాక్టరు చెప్పిన తేదీకి మూల నక్షత్రం పడుతోందట. ఆరు రోజులు ముందుకు జరిపితే హస్త. ఉదయం 10 గంటల 20 నిమిషాలకు దివ్యంగా ఉందట. ఆపరేషన్ చేయించేయండి."

చేయించేయండి! జాకెట్టు కుట్టించేయండి అన్నంత తేలిగ్గా!

అసలు డాక్టరు చెప్పే తేదీ ఏమిటి? చివరి నెలసరి మొదటి రోజు నుంచి 280 రోజులు లెక్కవేసి చెప్పే అంచనా. సరిగ్గా ఆ రోజునే పుట్టేది నూటికి నలుగురో ఐదుగురో. మిగతావాళ్ళంతా తమకు తోచినప్పుడు వస్తారు. పుడుతుందో లేదో తెలియని రోజుకు నక్షత్రం చూసి, ఆ నక్షత్రానికి బెదిరిపోయి, నా కూతురి పొట్ట కోయించాలట. దక్షిణ సిద్ధాంతిగారికి, కోత మా పిల్లకు. పోనీ కోయించామే అనుకోండి, 10 గంటల 20 నిమిషాలంటే మత్తుసూది వేసినప్పుడా, కత్తి పెట్టినప్పుడా, బిడ్డ కేర్‌మన్నప్పుడా? థియేటర్ గడియారం ఐదు నిమిషాలు ముందుంటే జాతకం ఎవరు దిద్దుతారు? బిడ్డ అడ్డం తిరిగితే ఆపరేషన్ కాగితం మీద అందరికంటే ముందు నేనే సంతకం పెడతాను. ఏ చిక్కూ లేనప్పుడు ఎందుకు?

"ఈ రోజుల్లో అందరూ చేయించుకుంటున్నారు కదా" అని ఇంకో మాట. అదీ నిజమే తల్లీ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5. దేశం మొత్తం మీద 21.5. మన ఆడవాళ్ళను మాత్రమే బ్రహ్మ వేరే మట్టితో చేశాడు కాబోలు. ఈ పిచ్చి మనకొక్కరికే అనుకోకండి. 2024 జనవరి 22న, అయోధ్య ప్రాణప్రతిష్ఠ నాడే కాన్పు చేయమని ఉత్తరప్రదేశ్‌లో గర్భిణులు డాక్టర్లను అడిగారని పత్రికల్లో వచ్చింది. ముహూర్తం చూసి తీయించిన బిడ్డలతో ఈపాటికి మన ఊళ్ళలో వీధికొక చక్రవర్తి ఉండాలి మరి. ఏడీ?

అల్లుడుగారికి చెబుదామని చేస్తే, "అమ్మ మంచికే కదా చెప్పింది అత్తయ్యా" అన్నాడు. మంచి పిల్లవాడే. నోరే లేదు.

ముహూర్తాల మీద ఇంత భక్తి ఉన్న మహాతల్లి, పెళ్ళినాడు ఏం చేసింది? సుముహూర్తం 11 గంటల 6 నిమిషాలకు. శుభలేఖలో బంగారు అక్షరాలతో అచ్చువేయించాం. వీళ్ళేమో విడిదింట్లోనే ఉన్నారు. డ్రోన్ కెమెరా అబ్బాయి ఇంకా రాలేదట, ఊరేగింపు పై నుంచి తీయాలట. పంతులుగారు తమలపాకులో జీలకర్ర బెల్లం పట్టుకుని కూర్చుంటే, ఆ ఉక్కకు బెల్లం కరిగి ఆయన మోచేతి దాకా కారింది. 11 గంటల 6 నిమిషాలు దాటింది, పన్నెండు దాటింది. నేను కంగారుపడుతుంటే ఈవిడే నా భుజం తట్టి, "దేవుడి దయ ఉంటే అన్నీ మంచి ఘడియలే వదినగారూ" అంది. ఆ దేవుడు ఇప్పుడు ఎక్కడికి వెళ్ళాడు? పైగా విడిదికి పంపిన కాఫీ చల్లారిందని అలిగి, మా వారి చేత క్షమాపణ చెప్పించుకున్న వైనం ఉంది. దాని గురించి రాస్తే తెల్లారుతుంది.

ఇదంతా ఒక ఎత్తు, కుంకుమపువ్వు ఒక ఎత్తు. శ్రీమంతానికి చీర, గాజులు, పళ్ళతో పాటు చిన్న డబ్బా తెచ్చి, నలుగురు ముత్తైదువల ముందు నా చేతిలో పెట్టి, "రోజూ పాలలో వేసి ఇవ్వండి, కనీసం బిడ్డన్నా తెల్లగా పుడుతుంది" అంది. కనీసం! బిడ్డన్నా! పెళ్ళిచూపుల్లో "అమ్మాయి చామనచాయే కానీ కళగా ఉంది" అన్నప్పుడే ఆ "కానీ" నాకు ముల్లులా దిగింది. ఎమ్మెస్సీలో కాలేజీ ఫస్టు వచ్చిన పిల్ల. దాని చదువు గురించి ఆ రోజు ఒక్క ముక్క అడగలేదు.

ఆ కుంకుమపువ్వు పాలలో వేయలేదు. పరమాన్నంలో వేసి మా వారికి పెడుతూ వచ్చాను. డబ్బా అయిపోయింది. ఆయన ఎప్పటిలాగే ఉన్నారు.