నేపాల్ పులుల ఫార్వర్డ్‌లో అంకె కరెక్టే, కథే తేడా

మళ్ళీ తిరుగుతోంది ఆ నేపాల్ పులుల ఫార్వర్డ్. చూడనివాళ్ళ కోసం క్లుప్తంగా: నేపాల్ అడవుల్లోకి ఆర్మీని దింపింది, వేటగాడు కనిపిస్తే కాల్చిపారేసింది, ఊళ్ళు ఖాళీ చేయించింది, పన్నెండేళ్ళలో పులులు మూడింతలయ్యాయి, మంచు చిరుతలూ పెరిగిపోయాయి, మన గవర్నమెంట్‌కి ఆ దమ్ము లేదు, నల్లమలలో కూడా చెంచుల్ని బయటకి పంపి మిలిటరీని పెడితే సెట్ అయిపోద్ది. కింద ఎవరెస్ట్ బ్యాక్‌గ్రౌండ్‌లో గాండ్రిస్తున్న పులి ఫోటో.

ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పుకుందాం. పులుల అంకె నిజమే. 2009లో 121, 2013లో 198, 2018లో 235, 2022లో 355. పులులున్న 13 దేశాలు 2010లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కూర్చుని 2022కల్లా డబుల్ చేద్దాం అనుకున్నాయి, నేపాల్ దాదాపు ట్రిపుల్ చేసి చూపించింది. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళతో నాకు పేచీనే. కానీ ఎలా చేసింది అన్నదగ్గరే ఫార్వర్డ్ పూర్తిగా పక్కదారి పట్టింది.

ఫోటో సంగతి ఒక్క ముక్కలో తేల్చేద్దాం. నేపాల్ పులులు ఉండేది కొండల మీద కాదు, ఇండియా బోర్డర్ వెంబడి ఉన్న తరాయి మైదానంలో. చిత్వన్, బర్దియా, పర్సా, శుక్లాఫాంటా, బాంకే, అన్నీ కిందే. ఎండాకాలంలో చెమటలు కారే ప్రాంతం అది, మంచు లేదు ఏం లేదు.

ఇప్పుడు అసలు పాయింట్, ఆర్మీ. "ఆర్మీని దింపింది, పులులు పెరిగాయి" అంటున్నారు కదా, చిత్వన్ నేషనల్ పార్క్ పెట్టింది 1973లో, అక్కడ ఆర్మీ కాపలా మొదలైంది 1975లో. అంటే 2009లో పులులు 121 అని తేలేటప్పటికి ఆర్మీ అక్కడ ముప్ఫై ఏళ్ళ పైనుంచే ఉంది! పెట్టిన మందు ఒకటే అయితే ముప్ఫై ఏళ్ళు పనిచేయనిది తర్వాత పదమూడేళ్ళలో ఎలా పనిచేసింది? అలాగని ఆర్మీ దండగ అని కూడా నేననను, ఎందుకంటే మావోయిస్టుల యుద్ధం టైంలో (1996 నుంచి 2006 దాకా) దాడుల భయంతో అడవిలో చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న పోస్టులు ఎత్తేసి జవాన్లని కొన్నిచోట్లకే చేర్చారు, ఆ ఖాళీలో వేటగాళ్ళు పడ్డారు, చిత్వన్‌లో 2000లో 544 ఉన్న ఖడ్గమృగాలు 2005కి 372 అయిపోయాయి. కాబట్టి కాపలా లేకపోతే కొంప మునుగుద్ది, కరెక్ట్. కానీ కాపలా ఒక్కటే ఉంటే అడవి నిండదు.

మరి మారిందేంటి? 1993లో చట్టం సవరించి పార్క్ చుట్టూ బఫర్ జోన్లు అని పెట్టారు. పార్క్ ఆదాయంలో, అంటే టూరిస్టుల టికెట్లు గట్రాలో, 30 నుంచి 50 శాతం ఆ చుట్టుపక్కల ఊళ్ళకే తిరిగివ్వాలి. అదే ఏడాది వచ్చిన అటవీ చట్టంతో ఊరి అడవిని ఊరి కమిటీకే అప్పజెప్పడం ఊపందుకుంది, ఇప్పుడు అలాంటి గ్రూపులు దేశం మొత్తం మీద 22 వేలకి పైనే. దున్నేసి, మేపేసి బోసిపోయిన చోట్ల మళ్ళీ చెట్లొచ్చాయి. బర్దియాకీ మన యూపీలోని కతర్నియాఘాట్‌కీ మధ్య ఖాతా కారిడార్ అని ఒకటుంది, అది జనం చూసుకునే అడవే, పులులు ఏనుగులు దాంట్లోంచే రెండు దేశాల మధ్య వీసా లేకుండా తిరుగుతుంటాయి. అక్కడ కుర్రాళ్ళు గ్రూపులుగా చేరి తుపాకీ లేకుండా అడవిలో తిరిగి ఉచ్చులు ఏరిపారేస్తారు, ఊళ్ళోకి కొత్త మొహం వస్తే కబురు పంపిస్తారు. ఆ కబురు లేకపోతే ఆర్మీకి ఏ పొద వెనక ఎవడున్నాడో ఏం తెలుస్తుంది చెప్పండి.

"కనిపిస్తే కాల్చేస్తారు" అన్నది మసాలా. ఆ పేరు ఎక్కువగా వినిపించింది మన అస్సాం కాజిరంగా గురించి, దాన్ని తీసుకెళ్ళి నేపాల్‌కి అంటించారు. నేపాల్ చట్టంలో ఉన్నది ఎదురుతిరిగి ప్రాణం మీదకి వస్తే కాల్చొచ్చు అని. పనిచేసింది ఎక్కువగా ఇన్ఫార్మర్లు, అరెస్టులు, కొమ్ముల వ్యాపారం చేసే దళారుల్ని పట్టుకోవడం, జైలు. 2011లో ఏడాదంతా ఒక్క ఖడ్గమృగం కూడా వేటకి బలవలేదు, 2021 లెక్కలో దేశం మొత్తం మీద అవి 752కి చేరాయి. అయితే బలప్రయోగం అసలు జరగలేదని కాదు. 2020లో చిత్వన్‌లో చేపాంగ్ అనే ఆదివాసీ తెగకి చెందిన ఒక కుర్రాడు సైనికులు కొట్టాక చనిపోయాడని పెద్ద గొడవైంది. ఇలాంటిదాన్ని ఫార్వర్డ్ రాసినవాళ్ళు "దమ్ము" అంటారేమో, నాకైతే అది ఆ విధానంలో మచ్చ.

"ఊళ్ళు ఖాళీ చేయించారు" అన్నది సగం నిజం. చిత్వన్ నుంచి జనాన్ని కదిపారు, థారూలు, బోటే, మాఝీ లాంటి నది మీద బతికేవాళ్ళు చాలా నష్టపోయారు, ఆ బాధ ఇప్పటికీ ఉంది. కానీ పులులు పెరిగిన కారణం అదే అంటే ఒప్పుకోను. గడ్డి సంగతే చూడండి. అక్కడ ఇంటి కప్పుకి వేసే గడ్డిని ఖర్ అంటారు. ఏటా చలికాలంలో కొన్ని రోజులు పార్క్ గేట్లు తీసి ఊళ్ళవాళ్ళని కోసుకోనిస్తారు, ఆడవాళ్ళు మగవాళ్ళు కొడవళ్ళు పట్టుకుని లోపలికి వెళ్ళి మోపులు కట్టుకుని తల మీద మోసుకొస్తారు. కోసి, మిగిలింది తగలబెట్టాక లేత గడ్డి మొలుస్తుంది, దానికోసం జింకలు దిగుతాయి, జింకలుంటే పులి ఉంటుంది. మనిషిని పూర్తిగా బయటకి తోసేస్తే ఆ మైదానాలు పొదలెక్కి చెట్లెక్కి పోయేవి. ఇది ఫార్వర్డ్‌లో రాదు, ఎందుకంటే కొడవలి పట్టుకున్న ఆడమనిషి ఫోటోకి షేర్లు రావు మరి.

మంచు చిరుతలు "పెరిగాయి" అన్నదానికి ఆధారమే లేదు. 2025లో నేపాల్ ప్రకటించిన అంచనా 397. అంతకుముందు 2009 నాటి అంచనా 301 నుంచి 400 మధ్య. పద్ధతి వేరు, తిరిగిన ప్రాంతం వేరు, ఈ రెండూ పక్కపక్కన పెట్టి పెరిగిందనీ చెప్పలేం తగ్గిందనీ చెప్పలేం. ఇంకోటి, పైన కొండల్లో మంచు చిరుతని చంపేది ఎక్కువగా వేట ముఠాలు కాదు, కడుపుమండిన కాపరి. అది దొడ్లోకి దూరిందంటే ఆకలికి ఒకదాన్ని తిని పోదు, లోపల గొర్రెలు బెదిరి పరిగెడుతుంటే దొరికినన్ని కొరికి పడేస్తుంది, తెల్లారేసరికి ఏడాది సంపాదన నేల మీద ఉంటుంది. దానికి జవాను ఏం చేస్తాడు? కాంచన్‌జంగా దగ్గర 2005 నుంచి ఊళ్ళవాళ్ళే పశువులకి ఇన్సూరెన్స్ ఫండ్ నడుపుకుంటున్నారు, అక్కడి కన్సర్వేషన్ ఏరియా (వన్యప్రాణుల కోసం కేటాయించిన ప్రాంతం) మొత్తాన్నే 2006లో స్థానికులకి అప్పగించారు. ఆ అప్పగింత కార్యక్రమం అయిపోయి తిరిగొస్తుంటే ఘున్సా దగ్గర హెలికాప్టర్ కూలి 24 మంది పోయారు, నేపాల్ వన్యప్రాణి సంరక్షణలో పేరున్న పెద్దలు చాలామంది ఒక్కరోజులో లేకుండా పోయారు.

ఫార్వర్డ్ అస్సలు ఎత్తని సంగతి, పులులు పెరిగాక ఏమైందన్నది. బర్దియా చుట్టుపక్కల గడ్డికీ కట్టెలకీ వెళ్ళినవాళ్ళు తిరిగిరాని కేసులు పెరిగాయి, 2024 చివర్లో అప్పటి నేపాల్ ప్రధాని ఓలీ మా చిన్న దేశానికి 150 పులులు చాలు, మిగతావి వేరే దేశాలకి బహుమతిగా ఇద్దాం అనేశాడు. ఆ మాట నాకు నచ్చలేదు గానీ అడవి పక్క ఊళ్ళో కూర్చుని వింటే వేరేగా వినపడుద్ది.

ఇక "మనకి దమ్ము లేదు". 2006లో ఇండియాలో పులుల అంచనా 1411, 2022 లెక్కకి 3682. ఆర్మీ లేకుండానే, మన ఫారెస్టోళ్ళతోనే. లెక్కపెట్టే పద్ధతి మెరుగైంది కాబట్టి ఆ పెరుగుదల అంతా నిజం పులులే అని కూడా నేననను. నల్లమలకొస్తే, అక్కడ బేస్ క్యాంపుల్లో ఉండి అడుగులు చూసి, పెంటిక చూసి, కెమెరాలు కట్టి పులిని వెతికే వాచర్లలో చాలామంది చెంచులే. బయటకి పంపమంటున్నది వాళ్ళనే.