వార్డులో రాసిపెట్టిన కాగితమే ఆసుపత్రి యూనియన్‌కి బలం

ఆసుపత్రి సిబ్బందికి యూనియన్ ఉందని బయట జనానికి తెలిసేది సమ్మె అప్పుడే. 2023 అక్టోబర్‌లో అమెరికాలో కైజర్ పర్మనెంటే అనే పెద్ద ఆసుపత్రుల సంస్థ ఉద్యోగులు 75 వేల మందికి పైగా మూడు రోజులు పని ఆపితే చాలా దేశాల పేపర్లలో వచ్చింది, ఆ దేశ వైద్యరంగంలో అదే అతిపెద్ద సమ్మె అని రాశారు. వాళ్ళు జీతాలతో పాటు గట్టిగా పట్టుబట్టిన విషయం ఇంకోటుంది, స్టాఫ్ సరిపోవట్లేదు ఖాళీలు నింపండి అని. ఈ మాట ఏ ఆసుపత్రిలో ఐనా నైట్ డ్యూటీలో రోజూ ఎవరో ఒకరు అనుకుంటూనే ఉంటారు. అది అనుకోవడం దగ్గరే ఆగిపోతుందా లేక కాగితం మీదకి వస్తుందా అన్నది చూసుకోవాల్సింది ఎక్కడో హెడ్ ఆఫీసులో కూర్చున్న నాయకులు కాదు, ఆ ఆసుపత్రిలోనే పనిచేసే లోకల్ యూనిట్. నా దృష్టిలో దానికి ఇంతకంటే పెద్ద పని ఇంకోటి లేదు.

అమెరికా నర్సుల యూనియన్లలో దీనికి ఒక ఫారం ఉంది, ‘అసైన్‌మెంట్ డిస్పైట్ అబ్జెక్షన్’ అంటారు, అంటే అభ్యంతరం చెప్పినా అప్పగించిన పని అని. డ్యూటీ ఎక్కగానే పేషెంట్లు ఎక్కువ మనుషులు తక్కువ అనిపిస్తే ముందు ఇన్‌చార్జికి నోటితో చెప్తారు, మనిషిని పంపితే సరే, పంపకపోతే ఆ షిఫ్ట్‌లో పేషెంట్లు ఎంతమంది, నర్సులు ఎంతమంది, ఎవరికి చెప్పాం, వాళ్ళేమన్నారు అన్నీ ఫారంలో రాసి పైవాళ్ళకి ఒక కాపీ, యూనియన్‌కి ఒక కాపీ ఇచ్చి తమ దగ్గర ఒకటి ఉంచుకుంటారు. పని మాత్రం ఆపరు. అభ్యంతరం చెప్పి మరీ ఆ షిఫ్ట్ పూర్తి చేస్తారు. దీనివల్ల ఏం ఒరుగుతుంది అని అడిగేవాళ్ళుంటారు. ఏదైనా తేడా జరిగినరోజు మొదటి మెమో వచ్చేది బెడ్ పక్కన ఉన్న మనిషికే, ఆ మనిషి నేను ముందే చెప్పాను అంటే సరిపోదు, చెప్పినట్టు కాగితం ఉండాలి. ఇంకో సంగతి, ఒక్క ఫారం వస్తే ఆ రోజు ఏదో అలా జరిగింది అని మేనేజ్‌మెంట్ తోసేస్తుంది, అదే వార్డు నుంచి నెలల తరబడి వస్తూనే ఉంటే ఆ మాట అనడానికి నోరు రాదు.

చట్టాలు వచ్చింది కూడా ఇలాంటి నిలకడ వల్లే. కాలిఫోర్నియాలో ఒక నర్సుకి ఎంతమంది పేషెంట్లు దాటకూడదో పెట్టిన చట్టం 1999లో పాసై 2004లో అమల్లోకి వచ్చింది, ఐసీయూలో ఇద్దరికి ఒక నర్సు, మామూలు మెడికల్ సర్జికల్ వార్డులో ముందు ఆరుగురికి ఒకరు, తర్వాత ఐదుగురికి ఒకరు. ఆ ఆరుని ఐదు చేయాల్సిన టైమొచ్చేసరికి గవర్నర్ ష్వార్జ్‌నెగర్ ప్రభుత్వం ఆపేసింది, నర్సులు ఊరుకోలేదు, ఆయన వెళ్ళిన చోటికల్లా వెళ్ళి నిరసన చెప్పారు, కోర్టుకీ వెళ్ళారు, 2005లో కోర్టు అలా ఆపడం చెల్లదంది. వాళ్ళ వాదనకి ఆధారం కూడా ఉంది. నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం పెన్సిల్వేనియా ఆసుపత్రులని పరిశీలించి 2002లో వేసిన పేపర్‌లో, ఒక్కో నర్సు మీద ఒక్క పేషెంటు పెరిగితే సర్జరీ అయినవాళ్ళు 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం ఎక్కువగా కనిపించింది. అంటే స్టాఫ్ కావాలని అడగడం ఉద్యోగుల స్వార్థం అనుకునేవాళ్ళు ఆ బెడ్ మీద తమవాళ్ళు ఉన్నారనుకుని ఆలోచించాలి.

అందుకే లోకల్ యూనిట్లు సభ్యులకి పంపే వార్తలు చూస్తే నాకు బాధేస్తుంది. ఎవరు అధ్యక్షుడయ్యారు, ఎవరు ఎవర్ని కలిసి వినతిపత్రం ఇచ్చారు, గ్రూప్ ఫొటో, అంతే. ఈ నెల ఏ వార్డులో ఎన్ని షిఫ్టులు మనుషులు తక్కువై నడిచాయి, ఎన్ని ఫారాలు ఇచ్చాం, ఎన్నింటికి జవాబొచ్చింది, ఎవరికి మెమో ఇస్తే ఎవరు తోడు వెళ్ళారు, చందా డబ్బు దేనికి ఖర్చైంది, సభ్యుడికి కావాల్సిన వార్త ఇది. ఇవి చదివినవాడే మర్నాడు ఫారం నింపుతాడు, ఫొటోలు చూసినవాడు నింపడు.

ఇక సమ్మె అంటే పేషెంట్లని గాలికొదిలేయడం అనే మాట. అమెరికాలో 1974 నుంచి ఆసుపత్రిలో సమ్మె చేయాలంటే యూనియన్ 10 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ఆ టైములో కొత్త అడ్మిషన్లు తగ్గించుకోవడం, పేషెంట్లని వేరేచోటికి పంపడం లాంటి ఏర్పాట్లు చేసుకునే వీలుంటుంది. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్ అనే నర్సుల యూనియన్ తన 106 ఏళ్ళ చరిత్రలో ఇంగ్లండ్‌తో సహా దేశంలో ఎక్కువ భాగంలో మొదటిసారి సమ్మెకి దిగింది 2022 డిసెంబర్‌లో, అప్పుడు కూడా కీమోథెరపీ, డయాలసిస్, ఐసీయూ లాంటివి నడిచాయి. సమ్మె రోజుల్లో ఏ వార్డులో ఎంతమంది ఉండాలి అని మాట్లాడి ఒప్పించేది మళ్ళీ లోకల్ వాళ్ళే.

ఐతే ఇప్పటిదాకా నేను ఎక్కువ నర్సుల గురించే చెప్పాను, ఆసుపత్రి అంటే నర్సులూ డాక్టర్లే కాదు. న్యూయార్క్‌లో 1199 అనే యూనియన్ 1932లో మందుల షాపుల ఉద్యోగులతో మొదలైంది, 1959లో వార్డు ఆయాలు, వంటవాళ్ళు, లాండ్రీ వాళ్ళతో ఏడు ఆసుపత్రుల్లో 46 రోజులు సమ్మె నడిపింది, వాళ్ళలో ఎక్కువమంది నల్లజాతి, ప్యూర్టోరికో వాళ్ళు. 1969లో అమెరికాలోనే సౌత్ కరోలినా రాష్ట్రంలోని చార్లెస్టన్‌లో 12 మంది ఆసుపత్రి ఉద్యోగుల్ని తీసేస్తే 400 మందికి పైగా, దాదాపు అంతా నల్లజాతి ఆడవాళ్ళే, వంద రోజులకి పైగా బయట నిలబడ్డారు, చివరికి ఆ 12 మందినీ మళ్ళీ పనిలోకి తీసుకోవాల్సి వచ్చింది. అందరికంటే తక్కువ జీతం ఉన్నవాళ్ళే అందరికంటే గట్టిగా నిలబడ్డారు.

ఇవాళ ఆ స్థానంలో ఉన్నది ఏజెన్సీ, ఔట్‌సోర్సింగ్ వాళ్ళు, ఇంకా వర్కర్ అన్న గుర్తింపే లేనివాళ్ళు. భారత్‌లో ఆశా కార్యకర్తలు పది లక్షల మంది ఉన్నారు, 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అవార్డు కూడా ఇచ్చింది, ప్రభుత్వ లెక్కలో మాత్రం వాళ్ళు వాలంటీర్లు, వచ్చేది ఇన్సెంటివ్. ఇలాంటి స్కీమ్ వర్కర్లని వర్కర్లుగా గుర్తించి కనీస వేతనం ఇవ్వాలని 2013లోనే ప్రభుత్వం, యజమానులు, యూనియన్లు కలిసి కూర్చునే 45వ ఇండియన్ లేబర్ కాన్ఫరెన్స్ సిఫార్సు చేసింది, ఐనా ఇంకా ధర్నాలు చేస్తూనే ఉన్నారు. పర్మనెంట్ సిబ్బంది యూనియన్లు చాలాచోట్ల వీళ్ళు మా సభ్యులు కాదు అని పక్కకి తప్పుకుంటాయి, అది నాకు అస్సలు నచ్చదు, ఎందుకంటే ఒకే షిఫ్ట్‌లో ఒకే పేషెంటుని పర్మనెంట్ నర్సు, ఏజెన్సీ ఆయా ఇద్దరూ కలిసే పక్కకి తిప్పుతారు, ఆయా రాకపోతే నర్సు నడుమే విరుగుతుంది. కాబట్టి ఆ ఫారంలో ఏజెన్సీ వాళ్ళు ఎంతమంది రావాలి, ఎంతమంది వచ్చారు అనే గడి కూడా పెట్టండి, కింద వాళ్ళ సంతకానికీ చోటుంచండి, సంతకం పెట్టినందుకు వాళ్ళని పనిలోంచి తీసేస్తే మా సభ్యుడిని తీసేసినట్టే చూస్తాం అని జనరల్ బాడీలో తీర్మానం చేసి మేనేజ్‌మెంట్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి.