మనిషి ఎలాంటివాడో స్పానిష్‌లో చెప్పాలంటే తెలుగులో ఆలోచించండి

మన పిల్లలు స్కూల్లో స్పానిష్ తీసుకోవడం కొత్తేమీ కాదు. టెక్సస్‌లో హైస్కూల్ పూర్తి చేయాలంటే సాధారణంగా ఇంగ్లీషు కాని ఒక భాషలో రెండు క్రెడిట్లు ఉండాలి. నాకు తెలిసిన తెలుగు ఇళ్ళలో ఎక్కువమంది పిల్లలు ఆ రెండు క్రెడిట్లకూ స్పానిష్‌నే ఎంచుకుంటున్నారు. అంకెలు, రంగులు, వారాల పేర్లు అయిపోగానే మనుషుల గురించి చెప్పే పాఠం వస్తుంది. మీ అన్నయ్య ఎలాంటివాడు? మీ టీచర్ ఎలా ఉంటారు? మీ స్నేహితురాలు సరదా మనిషా, బిడియస్తురాలా? ఇంగ్లీషు 'ఈజ్' స్థానంలో వచ్చే సేర్, ఎస్తార్ అనే రెండు క్రియలతో పిల్లలకు టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే. తల్లిదండ్రులు "మాకు స్పానిష్ రాదు కదమ్మా, మీ టీచర్నే అడుగు" అని పక్కకు తప్పుకునేదీ ఇక్కడే.

అలా తప్పుకోవద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను. మనుషుల స్వభావం గురించి చెప్పే ఈ ఒక్క పాఠంలో, తెలుగు బాగా వచ్చిన అమ్మానాన్నలు, అమ్మమ్మ తాతయ్యలు ఇంగ్లీషులో రాసిన స్పానిష్ పుస్తకం కన్నా ఎక్కువ సాయం చేయగలరు. స్పానిష్ ఒక్క ముక్క రాకపోయినా సరే.

ఇంగ్లీషులో మనిషి మంచివాడన్నా, అలిసిపోయాడన్నా, ఇంట్లో ఉన్నాడన్నా 'ఈజ్' ఒక్కటే. స్పానిష్‌లో అలా కుదరదు. మనిషి స్వభావం చెప్పేటప్పుడు సేర్ నుంచి వచ్చే 'ఎస్', ప్రస్తుతం ఉన్న స్థితి చెప్పేటప్పుడు ఎస్తార్ నుంచి వచ్చే 'ఎస్తా'. పుస్తకాలు దీన్ని శాశ్వతం, తాత్కాలికం అని విడగొట్టి చెబుతాయి. ఆ సూత్రం ఎంతో దూరం పోదు. మాడ్రిడ్ స్పెయిన్‌లో ఉండడం శాశ్వతమే, కానీ అక్కడ వాడాల్సింది ఎస్తా. చనిపోవడం కన్నా శాశ్వతమైంది ఏముంటుంది? దానికీ 'ఎస్తా మువెర్తో' అనే అంటారు. ఇలాంటివి రెండు మూడు తగిలేసరికి పిల్లలు సూత్రాన్ని వదిలేసి గుడ్డిగా బట్టీ పట్టడం మొదలుపెడతారు.

అదే పిల్లల్ని తెలుగులో ఆలోచించమనండి. 'ఆయన మంచివాడు' అన్నప్పుడు మనం క్రియ వాడం. 'ఆయన నీరసంగా ఉన్నాడు' అన్నప్పుడు 'ఉన్నాడు' వచ్చి తీరాలి. 'మాడ్రిడ్ స్పెయిన్‌లో ఉంది' అన్నా అంతే. స్పానిష్ ఎక్కడ ఎస్తా అంటుందో అక్కడ తెలుగులో చాలావరకు 'ఉంది', 'ఉన్నాడు' వచ్చి నిలబడతాయి. మనిషి స్వభావం దగ్గర తెలుగు ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. 'ఆయన ఎలా ఉంటాడు?' అని అడిగితే మనిషి తీరు గురించి. 'ఎలా ఉన్నాడు?' అని అడిగితే ఇప్పుడు బాగున్నాడా లేదా అని. మొదటిది స్పానిష్‌లో 'కోమో ఎస్', రెండోది 'కోమో ఎస్తా'. కాబట్టి పిల్లలకు చెప్పాల్సింది ఇంతే: నోట్లో 'ఉంటాడు' వచ్చినా, అసలు క్రియే రాకపోయినా ఎస్. 'ఉన్నాడు' వచ్చిందంటే ఎస్తా. సరదాగా ఉంటుంది, ఎస్ దివెర్తీదా. సంతోషంగా ఉంది, ఎస్తా ఫెలీస్.

పోయిన శీతాకాలం మా అమ్మ గుంటూరు నుంచి వచ్చి మా దగ్గరే ఉంది. ఇంట్లో ఒకరి గురించి ఐదు వాక్యాలు రాయమని మా అమ్మాయికి హోంవర్క్ ఇచ్చారు. అది అమ్మమ్మను ఎంచుకుంది. ఎంతైనా నిజాయితీ గల పిల్ల, అమ్మమ్మ కోపం సంగతి కూడా రాయాలనుకుంది. డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని పుస్తకం చివర ఉన్న పదాల పట్టీలో వెతికి 'మి అబుయేలా ఎస్తా ఎనొహాదా' అని రాసి, గట్టిగా చదివింది. పక్కనే చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న మా అమ్మ "నా గురించి ఏం రాశావే?" అంది. "అమ్మమ్మ కోపంగా ఉంది అని." మా అమ్మ చేతిలో కాయ పక్కన పెట్టి, "నేనిప్పుడు కోపంగా ఎక్కడున్నానే? కోపిష్టిదాన్ని అని రాయదలుచుకుంటే అలాగే రాయి, కాదన్ను" అంది.

తప్పు సరిగ్గా అక్కడే ఉంది. ఎనొహాదా అంటే కోపంగా ఉన్న మనిషి. కోపిష్టి మనిషికి మెక్సికోలో 'ఎనొహోన్' అంటారు, ఆడవాళ్ళయితే 'ఎనొహోనా'. 'మి అబుయేలా ఎస్ ఎనొహోనా' అని దిద్దుకుంది మా అమ్మాయి. ఆ పక్క వాక్యంలో 'పెరో ఎస్ ముయ్ కరిన్యోసా' అని కూడా చేర్చింది, కానీ చాలా ప్రేమ గల మనిషి అని. ఎస్, ఎస్తాల తేడా గురించి దాన్ని మళ్ళీ ఎవరూ కూర్చోబెట్టి చెప్పాల్సిన పని పడలేదు.

ఈ తేడా తెలియకపోతే వచ్చే చిక్కులు చిన్నవి కావు. 'ఎస్ అబురీదో' అంటే అతనితో కూర్చుంటే మనకు బోర్ కొడుతుంది. 'ఎస్తా అబురీదో' అంటే అతనికే బోర్ కొడుతోంది. 'ఎస్ లిస్తా' అంటే తెలివైన అమ్మాయి, 'ఎస్తా లిస్తా' అంటే రెడీగా ఉంది. అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది బుయేనో దగ్గర. కూర బాగుంటే 'ఎస్తా బుయేనో' అనొచ్చు, మన 'బాగుంది' లాగే. మనిషి మంచివాడైతే మాత్రం 'ఎస్ బుయేనో' అనే అనాలి. మనిషిని పట్టుకుని 'ఎస్తా బుయేనో', 'ఎస్తా బుయేనా' అంటే ఒంటి అందం మీద చేసిన వ్యాఖ్య అవుతుంది, అదీ కాస్త మొరటుగా. పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లలకు ఇది ముందే చెప్పి ఉంచడం పెద్దవాళ్ళ బాధ్యత.

ఇక మాట చివర మారే ఓ, ఆ సంగతి. ఇంగ్లీషు దారిలో వచ్చే పిల్లలకు ఇది వింతగా ఉంటుంది. ఉదార స్వభావం గల మగవాడికి హెనెరోసో, ఆడమనిషికి హెనెరోసా ఎందుకని అడుగుతారు. తెలుగు మాట్లాడే ఇంట్లో ఈ ప్రశ్న రాకూడదు. అమాయకుడు, అమాయకురాలు, బుద్ధిమంతుడు, బుద్ధిమంతురాలు, తెలివైనవాడు, తెలివైనది అని మనం పొద్దున్నుంచి రాత్రిదాకా అంటూనే ఉంటాం. అలాగే త్రబహదోర్, త్రబహదోరా: కష్టపడి పనిచేసేవాడు, చేసేది. సింపాతికో, సింపాతికా: ఇట్టే నచ్చే, కలుపుగోలు మనిషి. ఎవరికైనా ఒకే రూపం ఉండే మాటలూ మనకున్నాయి. కోపిష్టి, పిసినారి, కష్టజీవి. స్పానిష్‌లో అమాబ్లే (మంచిగా మసలే), పసియెంతే (ఓపిక గల), ఇంతెలిహెంతే (తెలివైన) అలాంటివే. ఎగోయిస్తా (స్వార్థం గల), ఓప్తిమిస్తా (ఆశావాది) చివర 'ఆ' ఉన్నా మగవాళ్ళకీ అవే. ఒక్క తేడా మాత్రం చెప్పాలి. మంచి అబ్బాయి, మంచి అమ్మాయి అన్నప్పుడు మన 'మంచి' మారదు, స్పానిష్‌లో అక్కడ కూడా మారుతుంది. పైగా వర్ణించే మాట ఎక్కువగా మనిషి తర్వాత వస్తుంది: 'ఊనా ముహెర్ త్రబహదోరా', కష్టజీవి అయిన స్త్రీ.

ఉచ్చారణలోనూ మన పిల్లలకు చేతిలో పనిముట్టు ఉంది. స్పానిష్ 'త' మన 'త'నే, 'ద' మన 'ద'కు దగ్గర. బిడియస్తుణ్ణి 'టీమిడో' అనకుండా 'తీమిదో' అనమంటే చాలు, సగం యాస సర్దుకుంటుంది.

ఎవరైనా మనకు నచ్చారని చెప్పడానికి స్పానిష్‌లో 'మే కాయే బియెన్' అంటారు. ఇంగ్లీషులో 'నేను అతన్ని ఇష్టపడతాను' అన్నట్టు ఉండే వాక్యం ఇక్కడ 'నాకు' తో మొదలవుతుంది. మనకూ అంతే, 'ఆయన నాకు నచ్చాడు'. ఇక్కడ 'మే గుస్తా' అనకూడదు. వస్తువులకూ తిండికీ అది బాగానే ఉంటుంది కానీ, మనిషి విషయంలో ప్రేమలో పడ్డ అర్థం వస్తుంది.

పెద్దల్ని ఎలా పలకరించాలన్న విషయంలో నాకు ఇంకా పట్టుదల ఎక్కువ. స్పానిష్‌లో తూ ఉంది, ఉస్తెద్ ఉంది. నువ్వు, మీరు. వుయెస్త్రా మెర్సెద్ అనే పాతకాలపు గౌరవపు పిలుపు అరిగి అరిగి ఉస్తెద్ అయింది. ఇంట్లో తెలుగు తగ్గిపోయిన పిల్లలకు ఈ పట్టింపు ఎందుకో అర్థం కాదు, ఎవరినైనా తూ అనేస్తారు. పక్కింటి తాతగారిని 'మీరు' అనే అలవాటున్న పిల్లకు ఉస్తెద్ గురించి పాఠం చెప్పక్కర్లేదు. 'ఉస్తెద్ ఎస్ ముయ్ అమాబ్లే', మీరు చాలా మంచివారండీ. మొదలుపెట్టేవాళ్ళు నేర్చుకోవాల్సిన తొలి వాక్యం ఇదేనని నా అభిప్రాయం.

ఎందుకంటే ఈ భాష మనకు పరీక్షలో మార్కుల కోసం మాత్రమే కాదు. 2020 జనాభా లెక్కల ప్రకారం ఈ దేశంలో హిస్పానిక్ మూలాల వాళ్ళు 6.2 కోట్ల మంది. మన ఇంటి కప్పు వేసినవాళ్ళలో, పెరట్లో గడ్డి కోసేవాళ్ళలో, మన రెస్టారెంట్ల వంటగదుల్లో దోసెలు పోసేవాళ్ళలో వాళ్ళున్నారు. పిల్లల క్లాసులో డాక్టరు కావాలని చదువుతున్న వాళ్ళలోనూ ఉన్నారు. వాళ్ళతో మనకు వచ్చిన స్పానిష్ ఎంత? 'క్వాంతో', ఎంత అని. 'మన్యానా', రేపు రమ్మని. ధర అడగడానికి, పని చెప్పడానికి తప్ప ఆ భాషను మనం వాడడం లేదు. ఎండలో మధ్యాహ్నం దాకా పనిచేసిన మనిషికి మంచినీళ్ళ సీసా ఇస్తూ 'ఉస్తెద్ ఎస్ ముయ్ త్రబహదోర్' అనగలిగితే, మనం ఆయన పనితోపాటు ఆయన్నీ చూశామని ఆయనకు తెలుస్తుంది. మనం మెచ్చుకున్న మనిషి గురించి వేరే వాళ్ళకు చెప్పాలంటే 'ఎస్ ముయ్ బుయేనా హెంతే' అనండి. చాలా మంచి మనిషి అని. హెంతే అంటే జనం అయినా, లాటిన్ అమెరికాలో ఒక్క మనిషి గురించి కూడా ఇలాగే అంటారు.

బిగినర్ల పట్టీల్లో మొదట్లోనే లావు, సన్నం, నలుపు, పొట్టి అనే మాటలు ఉంటాయి. నాకు ఆ వరుస నచ్చదు. మెక్సికన్ ఇళ్ళలో గోర్దో (లావుపాటివాడు), ఫ్లాకా (బక్కపిల్ల) అని ముద్దుగా పిలుచుకోవడం ఉంది, కానీ అది వాళ్ళలో వాళ్ళకు. బయటివాళ్ళు అంటే ఊరుకోరు. మనలో కూడా పెళ్ళిచూపుల నుంచి పేరంటాల దాకా మనిషిని రంగుతో, ఒళ్ళుతో మొదలుపెట్టి చెప్పే అలవాటు బలంగా ఉంది. పిల్లలు కొత్త భాషలోకి అడుగుపెడుతున్నప్పుడైనా ఆ అలవాటును వెంట పంపకుండా ఉందాం. గుణంతో మొదలుపెట్టమందాం.

మంచి గుణాలే చెప్పమని కాదు. లోపాలూ చెప్పాలి, కాకపోతే చెప్పే తీరు ఉంటుంది. తెర్కో అంటే మొండి. 'ఎస్ ఉన్ పోకో తెర్కో' అంటే కొంచెం మొండి, వినేవాళ్ళకు గుచ్చుకోదు. ఈ 'ఉన్ పోకో' లోపాలకే, మెచ్చుకోలుకు కాదు. సోమరి అనడానికి పెరెసోసో అని ముఖాన కొట్టినట్టు అనే బదులు 'నో ఎస్ ముయ్ త్రబహదోర్' అంటారు, మనం 'పెద్దగా పని చేయడులే' అన్నట్టు. ఇంగ్లీషు అలవాటుతో పొరబడే మాటలు రెండు గుర్తుంచుకోవాలి. ఎదుకాదో అంటే మర్యాద తెలిసినవాడు, డిగ్రీలు ఉన్నవాడు కాదు. సెన్సీబ్లే అంటే సున్నిత మనస్కుడు, వివేకం గలవాడు కాదు.

మన సంఘం వారాంతపు తెలుగు తరగతులకు ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు రావడం తగ్గిపోతోందని ప్రతి సమావేశంలోనూ అనుకుంటున్నాం. తెలుగు ఎందుకు పనికొస్తుందని ఆ వయసు పిల్లలు అడుగుతున్నారు. నెలకో శనివారం వాళ్ళ స్పానిష్ పుస్తకాన్నే తెలుగు క్లాసుకు తెమ్మందాం. బోర్డు మీద ఒక పక్క ఉంటాడు, ఉన్నాడు. ఇంకో పక్క ఎస్, ఎస్తా. ఇక్కడికి వచ్చి ఉన్న అమ్మమ్మలు, తాతయ్యలను కూడా పిలుద్దాం. వాళ్ళు తమ ఊళ్ళో ఒక మనిషి గురించి తెలుగులో చెప్పాలి, పిల్లలు స్పానిష్‌లో రాయాలి. పెద్దగా ఖర్చు లేదు, ఒక గది, ఒక గంట చాలు. కార్యవర్గం సరేనంటే ఆగస్టులో స్కూళ్ళు తెరిచేలోపే మొదటి క్లాసు పెట్టొచ్చు. దానికి కావాల్సిన పదాల పట్టీ తయారుచేసే పని నాకు వదిలేయండి.